తూర్పుకు తిప్పిన ప్రింటరు

మా అక్క భర్త, అంటే మా బావ, బాన్సువాడలో జిరాక్స్ షాపు నడిపేవాడు. రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాదు నుంచి ఒక పాత కలర్ ప్రింటరు తెచ్చాడు. దానికి ఇంకు సీసాలుండవు. సబ్బుముక్కల్లాంటి మైనపు కడ్డీలు, నాలుగు రంగులు. ఒక్కో రంగుకు ఒక్కో ఆకారం, పక్క గుంటలో పట్టదు. అవి లోపల వేడికి కరిగి, సన్నని చిల్లుల్లోంచి ఒక డ్రమ్ము మీద చిమ్ముతాయి. డ్రమ్ము ఆ రంగును కాగితం మీద ఒత్తుతుంది. గట్టిపడ్డ అక్షరం వేలికి తగిలేది. ఆ ప్రింటరును నడిపేది నేను.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గొట్టాలు శుభ్రం చేసుకోవడానికని బోలెడు ఇంకు కక్కేసేది. మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పేదేముంది! ఇంకోటి, వేడి మీద కదిలిస్తే కరిగిన మైనం లోపలంతా పారుతుంది. మూత మీద ఒరిగిన మిషను బొమ్మ, దానికి అడ్డంగా ఎర్రగీత ఉండేవి.

బిచ్కుంద నుంచి కూడా పెళ్లిపత్రికలకు మా దగ్గరికే వస్తారని బావ ఆశ. ఉన్న డబ్బంతా ఆ ప్రింటరు మీదే పెట్టాడు, అది ఆగితే షాపు ఎత్తేయడమే.

దసరానాడు అక్క మిషను పూజకని పసుపు కుంకుమలతో షాపుకు వచ్చింది.

"ఏందే, దీని మొఖం దక్షిణానికి పెట్టిన్రు? తూర్పుకు తిప్పుండ్రి."

"వేడిగుందక్కా. అరగంట ఆగాలె."

"అరగంటకు రావుకాలమొస్తది. పూజ అయినంక సల్లబడనీ."

బావ నావైపు చూశాడు. అక్కంటే నాకు భయం. బావా నేనూ చెరోవైపు పట్టి, ఒరిగించి, తూర్పుకు తిప్పాం. కొబ్బరికాయ మాత్రం చక్కగా పగిలింది.

మర్నాడు మొదటి కాగితం పేడరంగులో వచ్చింది. రెండోది రాలేదు. హైదరాబాదు మెకానిక్ మూత తీసి చూసి, మూసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

"వోల్టేజీ కొట్టింది, గంతే" అన్నాడు బావ అక్కతో.

షాపు ఎత్తేసి రైసుమిల్లులో పనికి చేరాడు. చచ్చిన మిషను వాళ్లింటి ముందుగదిలో చేరింది, తూర్పుముఖంగానే. అక్క ప్రతి దసరాకూ దానికి బొట్టు పెట్టేది. చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చేది. తెలిసీ ఆపనిదాన్ని నేనే కదా.

కొన్నేళ్లకు, ఒక దసరానాడు ఇక ఉండలేకపోయాను.

"అక్కా, అది వోల్టేజీకి ఖరాబు కాలేదు."

మిషనుకు బొట్టు పెడుతున్న అక్క చెయ్యి ఆపలేదు.

"నాకెరుకే. గా దినం బొట్టు పెడుతుంటెనే గీ ఎర్రగీత బొమ్మ సూసిన. సదువు రాదు గని కండ్లున్నయి గద" అంది. "మీ బావకు చెప్పకు. నాకు తెల్వదనుకుంటుండు."