పద్నాలుగో గొంతు

నోరు మూసుకొని ఉండడం నా వల్ల అయ్యే పని కాదు. పాతికేళ్ళుగా సైన్సు చెబుతున్నదాన్ని, ఇంట్లో ఉప్పు డబ్బా అడిగినా పాఠం చెప్పినట్టే అరుస్తానని మా అక్క దెప్పుతుంది. అలాంటిదాన్ని, పరాయి దేశంలో పద్నాలుగుమంది పదో తరగతి పిల్లల వెనకాల నోటికి తాళం వేసుకొని నడిచాను. ఎవరిని అనుకోను? ఒప్పందం నేను చేసిందే. రోజుకొకరు నాయకులు. దారి వాళ్ళే వెతకాలి, టికెట్లు వాళ్ళే తీయాలి, సాయంత్రం ఆ రోజు జరిగిందంతా పుస్తకంలో రాయాలి. ప్రాణం మీదికొస్తే తప్ప నేను కలగజేసుకోను.

"మీ ఇష్టం మేడమ్. ఒక్కరు తప్పిపోయినా, ఒక్క బండి తప్పినా ఇదే ఆఖరి ప్రయాణం. ఆ పుస్తకం నేనే చదువుతా" అన్నారు హెడ్మాస్టరుగారు. తొమ్మిదో తరగతి వాళ్ళు అప్పటికే వచ్చే ఏడు ప్రయాణానికి సంచులు ఎంచుకుంటున్నారు.

మూడో రోజు వంతు కండక్టరమ్మది. అసలు కండక్టరు వాళ్ళమ్మ, సిటీ బస్సులో. క్లాసులో ఎవడో ఎగతాళికి పిల్ల మీదికి ఆ పేరు తోశాడు. "అవును, అయితే ఏంటి?" అంది ఈ పిల్ల. ఎగతాళి అక్కడే చచ్చిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆ రోజు నది దాటి అవతలి ఒడ్డున పాత అచ్చుయంత్రాల మ్యూజియం చూడాలి. నాలుగింటి పడవకి తిరిగి రావాలి. పొద్దున్న ట్రామ్ రెండు స్టాపులు ముందే దింపేసింది. మాట రాని చోట ఆ పిల్ల కాగితం మీద పడవ బొమ్మ గీసి పళ్ళమ్మే ఆవిడకి చూపించి దారి కనుక్కుంది. నాకు సరైన దారి తెలుసు. చెప్పలేక నా నాలుక దురద పెట్టింది.

నాలుగుకి పది నిమిషాలుండగా అందరూ పడవెక్కారు. మేము లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా చెప్పాలి. ఒకటి నుంచి పద్నాలుగు దాకా వినపడ్డాయి. నేను హాయిగా మోకాలు చాపుకొని కూర్చున్నాను.

కండక్టరమ్మ కూర్చోలేదు. పడవ వెనక వరసకి వెళ్ళి, ఒక్కొక్కరి భుజం తడుతూ ముందుకు వచ్చింది. ముందు వరసకి వచ్చేసరికి మొహం పాలిపోయింది.

"పదమూడుమందే ఉన్నాం. పిచ్చుక లేదు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. పిచ్చుక బక్కపిల్ల, నెమ్మదైన పిల్ల, నంబరు తొమ్మిది. మరి తొమ్మిది అన్నదెవరు?

దాని పక్కబెంచీ నేస్తం, గంట అని పిలిచే పిల్ల, నీళ్ళు నమిలింది. "నేనే అన్నానే. అది వెనకాలే వస్తోందనుకున్నా. క్లాసులో రోజూ దాని హాజరు నేనే పలుకుతాగా... అలవాటులో పొరపాటు."

నేను లేచి నోరు తెరిచాను. కండక్టరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. "మేడమ్, ఒక్క పది నిమిషాలు. మీరు మాటిచ్చారు."

"ఇద్దరు వెళ్ళి తీసుకురండి, మిగతావాళ్ళం పడవలో పోదాం. బండి తప్పినట్టు కాదు" అన్నాడొకడు. తెలివైన మాటే. నాకూ క్షణంపాటు ఆశ పుట్టింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

"కుదరదు" అంది కండక్టరమ్మ. "ఒకరిని వెతకడానికి ఇంకో ఇద్దరిని పోగొట్టుకోను. అందరూ దిగండి."

"పడవ పోతే హెడ్మాస్టరు—"

"పోనీ. దిగు ముందు."

దిగాం. మా కళ్ళముందే పడవ వెళ్ళిపోయింది. ఆ పిల్ల అటు చూడనైనా చూడలేదు. "దాని గొంతు ఎక్కడ విన్నారని కాదు. మనిషిని ఎక్కడ చూశారు?" అని ఒక్కొక్కరినీ నిలదీసింది. సీసం అక్షరాలు పేర్చే గదిలో చూశానన్నాడొకడు. అంతే, పరుగు. నా మోకాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?

మ్యూజియంలో దీపాలు ఆర్పేస్తున్నారు. చివరి గదిలో ముసలి అచ్చుపనివాడి పక్కన నిలబడి, చేతులు మోచేతులదాకా సిరా చేసుకొని, పిచ్చుక అక్షరాలు పేరుస్తోంది. మమ్మల్ని చూసి, "అప్పుడే నాలుగైందా?" అంది. చంపేద్దామన్నంత కోపం, ముద్దు పెట్టుకుందామన్నంత సంతోషం ఒక్కసారే వచ్చాయి నాకు. కండక్టరమ్మ తిట్టలేదు. వెళ్ళి దాని భుజం మీద చెయ్యేసింది.

"పద్నాలుగు" అంది.

తరవాతి పడవ ఐదున్నరకి. అందులో కూర్చొని ఆ పిల్ల పుస్తకం తెరిచింది. గంట పక్కకి చేరి బతిమాలింది. "పడవ సంగతి రాయకే. మేడమ్ చెప్పరు, మేం చెప్పం. వచ్చే ఏడు మా చెల్లి రావాలి."

"మా అమ్మ టికెట్ల లెక్కలో ఏనాడూ దొంగరాత రాయలేదు" అని కలం తీసింది. నేను కిటికీలోంచి నీళ్ళు చూస్తున్నట్టు నటించాను.

బసకి వచ్చాక పుస్తకం నా చేతికిచ్చింది. ఇలా ఉంది: "నాలుగింటి పడవ నేనే వదిలేశాను. గొంతులు నమ్మాను, తప్పు నాది. రేపటి నాయకుడికి: మా అమ్మలాగా వెనక సీటు నుంచి నడుచుకుంటూ రా, మనిషిని ముట్టుకొని లెక్కపెట్టు. ఈ రోజు పదిహేనుమందిమి క్షేమంగా వచ్చాం."

పద్నాలుగుమంది పిల్లలకి పదిహేనేమిటి అని అలవాటుగా ఎర్ర కలం తీశాను. అప్పుడు గుర్తొచ్చింది. రెండో పడవలో ఆఖరున నా భుజమూ తట్టింది ఆ పిల్ల. ఏడాది పొడుగునా పిచ్చుక హాజరు గంట పలుకుతుంటే, రిజిస్టరులోంచి తలెత్తకుండా టిక్కులు పెట్టిన ఘనురాలిని నేను. నన్ను కూడా లెక్కలో వేసుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోను.

ఎర్ర కలం మూసి, నీలం కలంతో ఆ పిల్ల రాతకింద ఇంకో వాక్యం రాశాను: "తప్పు నా క్లాసులో మొదలైంది. నా హాజరుపట్టీలో తొమ్మిదో నంబరు టిక్కులు నమ్మకండి." సంతకం పెట్టాను. హెడ్మాస్టరుగారు చదివి ఏమంటారో అననీ. ఆయన గదిలో మాత్రం నోరు మూసుకుంటానని నేను ఎవరికీ మాటివ్వలేదు.