ఆగిన మిషన్ ఖర్చు

ఉస్మాన్‌గంజ్‌లో మా సేటు దుకాణానికి ఒక మంచి పేరుంది. పనిమీద ఊరికి పంపిన మనిషిని సేటు ఆకలితో తిప్పడు. బస్సు చార్జీ, లాడ్జి, భోజనం, మార్కెట్ యార్డులో హమాలీలకు తాగించే చాయ్, అన్నీ దుకాణమే భరిస్తుంది. మా గుమస్తా అన్న మిర్చి కొనడానికి గుంటూరు వెళ్లినప్పుడల్లా, యార్డంతా తిరిగి కాళ్లు పీకుతున్నాయని మాలిష్ చేయించుకుంటాడు. అదీ ప్రయాణపు ఖర్చే. దాన్ని ఎవరైనా కాదనగా నేను చూడలేదు. కాళ్లు ఆయనవే అయినా నొప్పి దుకాణం పనివల్ల వచ్చింది కదా! ఈ న్యాయం నాకు భలే నచ్చేది.

నేను ఆ దుకాణంలో చేరింది బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చోవడానికి. కాని పసుపు బస్తాలు దిగుతుంటే నా చేతులు ఊరుకునేవి కావు. ఒక కొమ్ము తీసి విరిచేదాన్ని, లోపలి రంగు చూసేదాన్ని, వాసన చూసేదాన్ని. బాగా ఎండిన కొమ్ము విరిస్తే టక్కుమంటుంది, పచ్చిది మెత్తగా వంగుతుంది. ఒకసారి ఒక లారీ సరుకు లోపల తడిగా ఉందని చెప్పాను. సేటు నమ్మలేదు, అడుగు బస్తాలు విప్పించి చూశాక నమ్మాడు. దుకాణం తరఫున పసుపు కొనే పాతాయన పని మానుకున్నాక నిజామాబాద్ పసుపు సీజన్ నా చేతికిచ్చాడు. ఆడమనిషిని యార్డుకు పంపిస్తున్నాడని బజార్లో నవ్వారు. నవ్విన వాళ్లే తర్వాత మా పసుపు అడుక్కుంటూ వచ్చారు. కొంచెం గొప్పలు పోతున్నాను, పోనివ్వండి. నేను బాగా చేయగలనని నాకు ఖాయంగా తెలిసిన పని అదొక్కటే. నా రొట్టెలు ఇప్పటికీ గుండ్రంగా రావు.

చిక్కంతా ఇంటి దగ్గరే. మేముండేది ఉప్పుగూడలో. మా ఆయన గూడ్సు రైలు గార్డు. పిలుపు ఎప్పుడొస్తే అప్పుడు పెట్టె పట్టుకొని పరుగెత్తాలి. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. అత్తగారు లేరు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, తనను తాను మోసుకోవడమే గగనం. మా దగ్గరున్న బేబీ కేర్ వాళ్లు సాయంత్రం దాకానే పిల్లల్ని ఉంచుకుంటారు. నిజామాబాద్ పనేమో ఒక్క రోజులో తెమలదు. ముందురోజు సాయంత్రానికే అక్కడుండి, తెల్లారగానే రాశులు చూసుకుంటే తప్ప వేలంలో ధర చెప్పలేం. మా ఆయన రైలెక్కితే పిల్లను ఎవరు చూస్తారని ఆయన్ను ఏనాడూ ఎవరూ అడగలేదు. నేనున్నాను గనక. నేను బస్సెక్కుతాననేసరికి గల్లీ గల్లీ అంతా అదే ప్రశ్న.

అడగనిది పక్కింటి అక్క ఒక్కతే. అడగకుండా పిల్లను చంకనేసుకుంది. అక్క బ్లౌజులు కుడుతుంది. ముందుగదిలో ఒక తొక్కుడు మిషను, గోడకు ఒక నిలువుటద్దం, అంతే ఆమె సరంజామా. ఆదివారం చర్చికి తప్ప గల్లీ దాటదు. పాపకు ఆమె పెద్దమ్మ. నేను ఊళ్లో లేని రోజుల్లో పాప అక్క ఇంట్లోనే తిని, అక్క పక్కనే పడుకునేది. సూదులూ కత్తెరలూ ఉన్నచోట నాలుగేళ్ల పిల్లను వదల్లేక, అక్క మిషను మీద దుప్పటి కప్పేసేది. పాప నిద్రపోయాక కుడదామంటే ఆ చప్పుడుకు లేచి కూర్చుంటుందట.

ఒకసారి నేను ఊరినుంచి వచ్చేసరికి అక్క గుమ్మంలో పెళ్లివాళ్లు లొల్లి పెడుతున్నారు. పెళ్లి ముంచుకొస్తోంది, బ్లౌజులకు ఇంకా చేతులే లేవు.

"కరెంట్ లేకుండె అమ్మా, నేనేం జేద్దు?" అంటోంది అక్క.

తొక్కుడు మిషనుకు కరెంటెందుకని వాళ్లకు తట్టలేదు. నాకు తట్టింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. నా పిల్ల కోసం చర్చికి పోయే మనిషి అబద్ధాలాడుతోంది.

మర్నాడే సేటును అడిగాను. పొద్దున చాయ్ వేళ, గద్దె మీద సేటు, పక్కన డెస్కు దగ్గర గుమస్తా అన్న.

"సేట్, అన్న కాళ్లకు దుకాణం ఖర్చిస్తున్నది. నేను ఊరికి పోతే నా బిడ్డను చూస్కునే ఖర్చు గూడ ఇయ్యాలె" అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. గుమస్తా అన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెల్లె, నా కాళ్లు నాతోని గుంటూరు వస్తయి. నీ బిడ్డ ఇంట్లనే ఉంటది. ఇంట్ల ఉన్నదానికి ప్రయాణం ఖర్చేంది?"

"అది ఇంట్ల పైలంగుంటేనే నేను ప్రయాణం పోతున్న అన్నా."

సేటుకు నా జవాబు నచ్చిందో, చాయ్ చల్లారుతోందనుకున్నాడో గాని, "ఇయ్యిరా బాబూ, ఇయ్యి. ఆయా ఖర్చని రాయి. చూస్కునేటామె సంతకం మాత్రం తీసుకరా బిడ్డా" అనేశాడు.

నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. ఉస్మాన్‌గంజ్‌లో ఏ గద్దె మీది సేటూ ఇవ్వనిది నేను సాధించానని ఆటోలో కూర్చొని నన్ను నేనే మెచ్చుకున్నాను. తిన్నగా అక్క ఇంట్లోకి వెళ్లి ఓచరు ముందుపెట్టాను.

అక్క దాన్ని అద్దం దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లి చదివింది. "ఆయా ఖర్చు. గిదేంది చెల్లె?"

"దుకాణపోళ్లు ఇస్తున్నరక్కా. సంతకం పెడితే అయిపాయె."

"అంటే నేను నీకు ఆయానా?"

అరిచినా బాగుండేది. ఓచరును మడతపెట్టి నా చేతిలో పెట్టింది. పాప జుట్టు సవరించి, నా వెంట పంపేసింది.

మర్నాడు పొద్దున నా గిన్నె తిరిగొచ్చింది. అంతకుముందు అందులో నేను పప్పు పంపాను. మా గల్లీలో గిన్నెలు ఎప్పుడూ ఖాళీగా తిరిగి రావు. ఏమీ లేకపోతే కాసింత చక్కెరైనా, రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతారు. గిన్నె ఖాళీగా వచ్చిందంటే ఇక మీకూ మాకూ రాకపోకలు లేవని అర్థం. అక్క నా గిన్నెను తళతళా తోమి, తుడిచి, ఖాళీగా గడప మీద పెట్టి వెళ్లింది. పాప అందులోకి తొంగిచూసి, "పెద్దమ్మ ఏం వెట్టలే?" అంది. ఆ గిన్నె నా నెత్తిన కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే నిజామాబాద్‌నుంచి యార్డులో మా తరఫున సరుకు చూసిపెట్టే అడ్తి వ్యాపారి ఫోను చేశాడు. మంచి సరుకు దిగుతోంది, ఎల్లుండి సాయంత్రానికి రమ్మన్నాడు. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. తలుపు తట్టడానికి అక్క ఉంది, తట్టే మొహం నాకు లేదు. దుకాణానికి వెళ్లి, ఈసారికి నా వల్ల కాదేమోనని సేటుకు చెప్పాను.

"ఫికర్ చేయకు బిడ్డా. ఈ సీజన్ బిల్లింగ్‌ల కూసో. పసుపుకు వేరేటోన్ని పంపుత. పిల్ల జర పెద్దగైనంక చూద్దాం" అన్నాడు సేటు.

ఎంత మెత్తగా అన్నాడో! కోప్పడితే నాలుగు మాటలు నేనూ అనేదాన్ని. పిల్ల పెద్దదయ్యేసరికి ఆ రాశుల దగ్గర నా చోట్లో ఇంకొకరు పాతుకుపోతారు. ఈ సంగతి సేటుకూ తెలుసు, నాకూ తెలుసు. "రేప్పొద్దుగాల చెప్త సేట్" అని మాత్రం అనగలిగాను.

సాయంత్రం అక్క గుమ్మంలో కూలబడ్డాను. అక్క మిషను ఆపలేదు. చప్పుడు మించి మాట్లాడాల్సి వచ్చింది.

"అక్కా, తిట్టాలంటే తిట్టు. నిన్ను ఆయా అని నేననలే, దుకాణంల రాసిన్రు. నేను ఆలోచించకుండ తెచ్చిన."

"రాసినోళ్ల సంగతి ఇడువు. నాకు పైసలియ్యాలని నీకెందుకు బుద్ధి పుట్టింది?"

"నువ్వు కరెంట్ లేదని అబద్ధం చెప్తున్నవు గనక! పెండ్లోళ్లు నీ ఇంటిమీదికొస్తున్నరు గనక! నా పసుపుకు నీ బ్లౌజులు ఆగుతున్నయి. నాకు కండ్లు లేవా?"

ఏడుస్తున్నానో అరుస్తున్నానో నాకే తెలియలేదు. మిషను ఆగింది. అక్క నన్ను ఎగాదిగా చూసి, నోట్లోని దారం ముక్క తీసేసింది.

"మరి గట్ల చెప్పాలె గద, మొద్దుదానా! పిల్లను ఇష్టంతోని చూస్తున్న. దానికి పైసలిస్తే చెప్పుతోని కొడ్త. మిషను మాత్రం ఇష్టంతోని ఆపుతలేను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకొని నవ్వాం. నవ్వు తగ్గాక అక్క మళ్లీ మిషను తొక్కుతూ, "రేపు నేనే వస్త మీ సేటు దగ్గరికి. నీకు అడుగుడు రాదు" అంది.

అన్నట్టే వచ్చింది. చర్చికి కట్టే చీర కట్టి, పాపను వేలు పట్టుకొని ఉస్మాన్‌గంజ్‌లో దిగింది. మిర్చి ఘాటుకు దారిపొడవునా ఇద్దరూ తుమ్ముతూనే ఉన్నారు. గద్దె ముందు నిలబడి, ముక్కు తుడుచుకొని, "సేట్, నీ పసుపు కోసం నా దుకాణం బంద్ అయితున్నది" అంది.

సేటు నావైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. "నీకు దుకాణం ఎక్కడున్నదమ్మా?"

"ఉప్పుగూడల. ఒక మిషను, ఒక అద్దం. బోర్డు లేదు, గంతే. గీమె నిజామాబాద్ పోయిన దినాలు మిషను మీద ఒక్క కుట్టు పడదు. గిరాకి ఎనక్కి పోతున్నది."

గుమస్తా అన్న నవ్వబోయాడు. సేటు నవ్వలేదు. గద్దె మీద కొంచెం ముందుకు జరిగాడు. నేను బిడ్డ అన్నప్పుడు లేని శ్రద్ధ, గిరాకీ అనగానే ఆయన మొహంలోకి వచ్చింది. ఏం చేస్తాం, తాతలనాటి వ్యాపారి!

"మన లారీ అడ్డం వెడితే పక్క దుకాణపోని బేరం పోతది. అప్పుడు మనమేం జేస్తం?" అని గుమస్తాను అడిగాడు.

"ఆ పూట నష్టం మనమే ఇస్తం. బజార్ రివాజ్ గద సేట్."

"మరి గీ అక్క దుకాణం ముంగట మన లారీ పెట్టినట్టే గద."

అయిపోయింది. ఓచరు మీద ఈసారి ఆగిన మిషన్ ఖర్చని రాయించాడు, అక్క సంతకం పెట్టింది. నేను జాలి, న్యాయం, కాళ్ల మాలిష్ అన్నీ కలిపి చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క లారీతో ఎక్కింది. నేను మాత్రం అప్పట్నుంచి ఒకటే అంటున్నాను. పని ఇచ్చినవాడు పనిమీద ఊరికి పంపితే, అందుకోసం ఇంటి దగ్గర ఎవరి పని ఆగిందో వాళ్లకూ ఇచ్చుకోవాలి. అది దయ కాదు, బస్సు చార్జీ లాంటిదే. ప్రేమకు ఎవరూ చార్జీ అడగడం లేదు.

"ఇట్లయితే అందరు అడుగుతరు సేట్" అని గుమస్తా అన్న గొణిగాడు.

"నువ్వేం తక్కువా? నువ్వు గుంటూరు పోతే మీ ఇంట్ల ఎవరి పని ఆగుతదో అడిగినవా ఎన్నడన్న?" అంది అక్క.

అన్న ఖాతా పుస్తకం తెరిచి అందులో తలదూర్చాడు. మర్నాడు దుకాణానికి ఆలస్యంగా వచ్చి నా దగ్గర గొంతు తగ్గించాడు. "మా ఇంటామె అప్పుడు అప్పడాలు చేసి అమ్ముతుండె. పిల్లలు చిన్నగున్నప్పుడు ఇడిచిపెట్టింది. ఎందుకిడిచినవని నిన్న అడిగిన."

"ఏమన్నది?"

"ఏమనలే. నవ్వింది. పొయ్యి మీది పాలు పొంగినా నవ్వు ఆపలే."

ఆ మధ్యాహ్నమే నేను నిజామాబాద్ వెళ్లాను. తెల్లారగానే రాశుల్లో కొమ్ములు విరిచి చూశాను, పేరుమోసిన పెద్ద వ్యాపారి మీద ధర పెంచి మరీ మంచి సరుకు కొట్టాను. అంతకుముందు గంటకోసారి ఇంటికి ఫోను చేసేదాన్ని. ఈసారి మధ్యాహ్నం ఒక్కసారి చేస్తే అక్క విసుక్కుంది. "ఏం గావాలె? ఆడుకుంటున్నం, పెట్టేయ్!"

తిరిగొచ్చేసరికి అక్క ఇంటినిండా రంగు గుడ్డముక్కలు. మిషను దుప్పటి కింద హాయిగా పడుకొని ఉంది. నేలమీద అక్క, పాప, బొమ్మకు లంగా తొడుగుతున్నారు. పెళ్లివాళ్లతో అక్క ముందే చెప్పిందట, ఈ రెండు దినాలు దుకాణం బంద్, మీది ఎల్లుండి అని. కరెంటు మాటే ఎత్తలేదట. అంతకుముందు పాప ఒడిలో ఉన్నా అక్క చూపు ఆగిన బ్లౌజుల మీద ఉండేది. ఇప్పుడు రెండు చేతులూ, రెండు కళ్లూ పాపవే.

"మీ సేటుకు చెప్పు, లగ్గాల సీజన్ల రేటు పెరుగుతది" అంది అక్క తలెత్తకుండానే.

నేను పాపకోసం చేతులు చాచాను. ఎప్పుడూ పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకునే పిల్ల, కూర్చున్న చోటునుంచి కదల్లేదు. మొహం చిన్నబుచ్చుకొని నన్ను చూసింది.

"అప్పుడే వచ్చినవా? మల్ల ఎప్పుడు పోతవమ్మా?"

కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు. వచ్చే వారం పోతానని మాటిచ్చాక గాని నా ఒళ్లోకి రాలేదు.