గోడకు అటూ ఇటూ ఒకే పైపు

ఊళ్లో అందరూ కరెంటు వదిన అని పిలిచే ఆమెకు పెళ్లయిన కొత్తలో బల్బు మార్చడం కూడా రాదు. కరెంటు పని తెలిసినవాడు మొగుడు. ఆయన ఒకసారి నిచ్చెన మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంటే, ఒప్పుకున్న పనులు ఆగిపోతాయని ఆమె కొంగు దోపి నిచ్చెనెక్కింది. ఆయన కింద కుర్చీలో కూర్చుని ఏ వైరు ఎక్కడ కలపాలో చెప్పేవాడు. తుంటి అతుక్కుంది గానీ ఆమె నిచ్చెన దిగలేదు. దిగమని ఆయనా అడగలేదు. ఇప్పుడు ఆయన పని నిచ్చెన పట్టుకోవడం, సలహాలివ్వడం. సలహాలు ఆమె వినదు, నిచ్చెన మాత్రం వదలనివ్వదు.

ఒకరోజు ఓ పాత ఫ్లాటు నుంచి పిలుపు వచ్చింది. వైర్లు ముసలివైపోయి, మిక్సీ వేస్తే హాల్లో లైటు కన్నుకొడుతోందట. వెళ్లి చూస్తే కింద కాంక్రీటు, పైన కాంక్రీటు. పగలగొడదామంటే పై అంతస్తు వాళ్లు ఊరుకోరు. హాల్లో ఫాల్స్ సీలింగు ఉంది గానీ, అందులోకి చూడడానికి వదిలిన కంత తల పట్టేంతే.

"నీ తల దూరుతుందేమో గానీ కొప్పు దూరదే," అన్నాడు మొగుడు.

"మీ సలహాలు దూరకపోతే చాలు," అని ఆమె తల లోపలికి పెట్టింది.

స్లాబులో పాత పైపులున్నాయి. పాత వైరు చివర కొత్తది కట్టి, సబ్బు రాసి లాగడమే. హాలు, వంటగది చక్కగా వచ్చేశాయి. పడగ్గదికి వచ్చేసరికి మెయిన్ ఆపి ఉన్నా టెస్టరు వెలిగింది.

"అన్నయ్యగారూ, మెయిన్ వేశారా?"

"దాని జోలికే పోలేదమ్మా," అన్నాడు ఇంటాయన.

ఆమె కాసేపు పైపు వెళ్లే దిక్కు చూసింది. "అయితే ఈ గదికొచ్చేది మీ కరెంటు కాదు. పక్కింటిది."

ఇంటాయన మొహం కందగడ్డ అయింది. ఆయన భార్యే నోరు విప్పింది. "పక్కన మా మరిదిగారే ఉంటారమ్మా. ఒకప్పుడు ఇదంతా ఒకటే ఇల్లు. మధ్యలో గోడ కట్టించుకున్నారు."

బాల్కనీ తమ్ముడి వాటాకు పోయిందని అన్న అలిగాడు. అన్న అలిగాడని తమ్ముడు అలిగాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. గోడ కట్టినవాళ్లు మాత్రం స్లాబులోని పైపుల సంగతి పట్టించుకోలేదు.

కరెంటు వదిన పక్కింటి తలుపు తట్టింది. విషయం విని తమ్ముడు గొణిగాడు గానీ, ఆయన భార్య అప్పటికే పరుగున వెళ్లి మెయిన్ ఆపేసింది. ఇక వైరు లాగాలి. అది బాగా బిగుసుకుపోయింది. ఇటు ఇద్దరు లాగాలి, అటు ఒకరు నెట్టాలి. తమ్ముడింట్లో కరెంటు వదిన, తమ్ముడు వైరు పట్టుకున్నారు. అటు అన్నగారింట్లో ఆమె మొగుడు నిచ్చెన పట్టుకోగా, అన్నగారు పంచె ఎగ్గట్టి ఎక్కాడు. కబురు మోసేది తోడికోడళ్లు, వీధి తలుపులు రెండూ బార్లా తీసి.

"నెట్టమంటున్నారు అక్కా!"

"నెడుతున్నారు, లాగమను!"

వైరు జానెడు కదిలి పట్టేసింది. తమ్ముడు కాలు గోడకు తన్ని గుంజాడు. అటు అన్నగారి చెయ్యి పైపుకు కొట్టుకుంది.

"ఒరేయ్, ఆగరా! చిన్నప్పట్నుంచీ నీకు ఆత్రమే!" గోడ అదిరేలా అరిచాడాయన.

"నువ్వు నెట్టందే ఎలా వస్తుందన్నయ్యా! చిన్నప్పట్నుంచీ నీకు బద్ధకమే!"

తోడికోడళ్లు వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు, ఇద్దరూ గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకున్నారు. అటునుంచి అన్నగారి గొంతు కాస్త తగ్గి వినిపించింది.

"సరే, ఒకటీ రెండూ అంటాను. మూడుకి లాగు."

మూడుకి వైరు వెన్నలా వచ్చేసింది. వచ్చిన ఊపుకి తమ్ముడు వెల్లకిలా పడి, పడినచోటే పకపకా నవ్వాడు.

సాయంత్రానికల్లా ఎవరి లైను వాళ్లకు విడిపోయింది. లైట్లు వెలిగాక నలుగురూ అన్నగారి హాల్లో చేరారు. కరెంటు వదిన మనసు తేలిగ్గా ఉంది. ఇంత మొండి పైపుని ఆమె ఎన్నడూ చూడలేదు, ఇంతగా నవ్విన పనీ లేదు.

"ఈ గోడకో తలుపు పెట్టిస్తే?" అంది పెద్ద తోడికోడలు.

"అది మేస్త్రీ పనమ్మా, నాది కాదు. సుత్తి మాత్రం ఇక్కడ వెయ్యొద్దని చెప్పండి," అని వదిన కొత్త వైరు దిగిన చోట పెన్సిలుతో గీత గీసింది.

"అయితే తలుపు కిటికీ పక్కన," అన్నాడు అన్న.

"అక్కడా? మా మంచం ఎక్కడికి పోవాలి?" అన్నాడు తమ్ముడు.

వదిన, మొగుడు సామాన్లు సర్దుకుని "వెళ్లొస్తాం" అని రెండుసార్లు చెప్పారు. వాదన మంచి పాకాన పడింది. ఎవరూ వినిపించుకోలేదు.