ట్రాక్టర్ నట్లకు సున్నం బొట్లు

పొద్దుగాల హుజూరాబాద్‌ల టైర్ల దుకాణం కాడ మిషన్ బుర్రుమనంగనే ట్రాక్టర్ నట్లు ఊడొచ్చినయి. మా పాత ట్రాక్టర్ యాదికొచ్చింది.

దసరాకు చక్రాల నట్లకు సున్నం, ఎర్రటి జాజు బొట్లు పెట్టేటోళ్లం, మీకు యాదున్నదా? మా అవ్వ, నేను ఏటేటా పాత బొట్ల మీదనే పెట్టేది.

ఒకసారి నాట్ల యాళ్లకే టైరు పలిగింది. సున్నం, తుప్పు కలిసి నట్లు బిగుసుకపోయినయి.

"నీ బొట్లు పాడుగాను!" అని బాపు కోపానికొచ్చిండు.

అవ్వ కొడవలి మొనతోని సున్నం గీకి, గ్యాసునూనె, అదే కిరోసిన్, పోసింది. జరసేపాగి బాపు పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీదికెక్కి తొక్కిండు. కిర్రుమని నట్టు కదిలింది.

మల్ల దసరాకు అవ్వ నట్ల జోలికి పోలే. పానాకే ఇంత పెద్ద బొట్టు పెట్టి, బాపు చేతికిచ్చింది.

"గిదైతే బిగుసుకపోదు, ఫికర్ జెయ్యకు."