విస్తరాకుల పంతులు

సహాయ ఉపాధ్యాయుడు కావడానికి ఏమేమి ఉండాలో ప్రభుత్వం వారు ఎప్పుడో కాగితం మీద పెట్టారు. చదువు ఉండాలి, తగిన వయసు ఉండాలి, నడవడి మంచిదని ఒక పెద్దమనిషి చెప్పాలి. జనగామ సుదర్శన్‌కు మొదటి రెండూ ఉన్నాయి. మూడోదాని కోసం అతడు మూడేళ్ళు ఎంగిలి విస్తరాకులు ఎత్తాడు.

ఈ పని ఎవరికైనా కష్టమే, సుదర్శన్‌కు మరీ కష్టం. అసహ్యించుకోవడంలో అతడికి పుట్టుకతోనే ప్రతిభ ఉంది. తల్లి కౌసల్య పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అరచేతిలో వేసుకుని నాకి చూస్తే, ఆ పూట అతడు ఉత్త పచ్చడితో తినేవాడు. ఎవరైనా ఎత్తి తాగని చెంబును బూడిద పెట్టి తోమినా అనుమానంగానే చూసేవాడు. తండ్రి రాజేశం సేటుకు మార్కెట్టు దగ్గర మిరపకాయల దుకాణం. ఆ ఘాటు, గోనెసంచుల మాగుడు వాసన, సంచుల వెనక ఎలుకల సంసారం, బీడీ తాగి గోడ మీద ఉమ్ముతూ ధర అడిగే బేరగాళ్ళు, ఇవన్నీ చూసి చూసి, లోకంలో శుభ్రమైన నౌకరి ఒకటే ఉందని అతడు చిన్నప్పుడే తేల్చుకున్నాడు. సుద్దముక్క పొడి తప్ప ఇంకే మరకా అంటని పంతులు నౌకరి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలంతా చదువులు విడిచి రోడ్డెక్కినప్పుడు సుదర్శన్ కూడా జనగామ స్టేషనులో పట్టాల మీద పడుకున్నాడు. పడుకునే ముందు ఆ పూట బండ్లన్నీ రద్దయ్యాయని అడిగి తెలుసుకున్నాడు, కింద దస్తీ పరుచుకున్నాడు. ఇక్కడి నౌకరీలు ఇక్కడివాళ్ళకే అన్నది అప్పటి నినాదం. చదువు ఏడాది వెనకబడింది గాని, అతడి విషయంలో నినాదం అక్షరాలా నెరవేరింది. తరువాత అతడికి దొరికిన పని మీద బయటివాడెవ్వడూ కన్నువేయలేదు.

చదువు ముగించుకుని ఇంట్లో కూర్చున్న కొడుకుతో రాజేశం ఒకనాడు తూకం వేసినట్టు మాట్లాడాడు.

"సరస్వతి పెండ్లి దాక చూస్త బిడ్డా. అప్పటికి నౌకరొస్తె పో, అడ్డం రాను. రాకుంటె దుకాణం గద్దె మీద కూసో. మిరపకాయ నిన్నేం కరువది."

సరస్వతి సుదర్శన్ చెల్లెలు. ఆమెకు అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. అంటే గడువు ఎంతో ఎవరికీ తెలియదు, ముంచుకొస్తున్నదని మాత్రం అందరికీ తెలుసు. ఆనాటి నుంచి చెల్లెలిని చూడడానికి ఎవరు వచ్చినా సుదర్శన్ ముందుగా ముహూర్తం ఎప్పుడని అడిగేవాడు.

దారి చూపినవాడు కనకయ్య సారు. తరిగొప్పుల దిక్కు ఒక బడిలో పని చేస్తూ, మిరపకాయలకు రాజేశం దుకాణానికే వచ్చేవాడు. ఆ రోజుల్లో చిన్న బడులన్నీ పంచాయతీ సమితి చేతిలో ఉండేవి, సమితి రాంచందర్ రావు చేతిలో ఉండేది. ఆయన సమితి ప్రెసిడెంటు, అంతకు ముందు నుంచే దొర. ఆ సమితి పేరు చెబితే మిగతా సమితులు తమనెందుకు వదిలేశారని చిన్నబుచ్చుకుంటాయి, కాబట్టి వద్దు.

"సర్టిఫికెట్లు సందుగల పెట్టు," అన్నాడు కనకయ్య సారు. "ముందుగాల దొర కండ్లల్ల పడాలె. ఆయనింట్ల కార్యమైతె పోవాలె, పని జెయ్యాలె. నేను గట్లనే అయిన."

ఏం పని అని సుదర్శన్ అడిగాడు. పోయినంక నీకే ఎరుకైతది అని సారు మిరపకాయల మూట భుజాన వేసుకున్నాడు.

రాంచందర్ రావు ఇంట్లో కార్యమంటే సమితిలోని బడులకు గంట మోగదు. పంతుళ్ళంతా పందిట్లోనే హాజరు. వడ్డనకు సర్వీసును బట్టి వరుస ఉంటుంది. పెద్ద బడుల హెడ్‌మాస్టర్లు వాకిట్లో నిలబడి పన్నీరు చల్లాలి. తల నెరిసిన పంతుళ్ళు లడ్డు, బగారన్నం వడ్డించాలి. ట్రైనింగ్ అయినవాళ్ళ చేతికి యాట మాంసం కూర గంటె, ట్రైనింగ్ కానివాళ్ళ చేతికి నీళ్ళ బకెట్టు. అసలు పంతులే కానివాళ్ళకు, అంటే కావాలని ఆశపడేవాళ్ళకు, తిన్న విస్తరాకులు. సర్కారు వారి సీనియారిటీలో తప్పులు దొర్లవచ్చుగాని ఆ పందిట్లో ఎన్నడూ దొర్లలేదు.

ఆ ఇంటి బంతికి ఒక శాసనం కూడా ఉంది. తలాపున దొర కూర్చుంటాడు. ఆయన తిన్నంతసేపే బంతి. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి "ఊఁ" అన్నాడంటే అందరూ లేవాల్సిందే. నోట్లో ముక్క ఉన్నవాడు దాన్ని బుగ్గన పెట్టుకుని లేస్తాడు, అప్పుడే అన్నం కలుపుకున్నవాడు ఆ అన్నానికి కండ్లతోనే దండం పెట్టి లేస్తాడు. ఆ "ఊఁ" వినబడగానే విస్తరాకులవాళ్ళు దూకాలి. దొర చెయ్యి కడుక్కుని తిరిగి చూసేసరికి నేల కనబడాలి. ఆకు కనబడితే, ఎత్తాల్సినవాడు ఇక ఏ బడిలోనూ కనబడడు.

మొదటి పెండ్లిలో సుదర్శన్ మెడ పక్కకు తిప్పుకుని, కండ్లు మూసుకుని వంగాడు. ఉల్లిగడ్డ కూడా వారాలు చూసి వండుకునే ఇంటి పిల్లగాడు. ముందు మోదుగాకుల మీద చీకి పారేసిన బొక్కలు, పేరుకున్న కొవ్వు, పులుసులో నానుతున్న తమలపాకు ఉమ్మి. ఒక మహానుభావుడు చుట్టను పెరుగులో ఆర్పి పోయాడు. ఎవరి సిఫారసూ లేకుండా వచ్చినవి ఆ పందిట్లో ఈగలే. పులుసు మోచేతి దాకా కారింది, అక్కడి నుంచి పైజామా మీదికి. పక్కన చాంద్యా మాత్రం రెండు వరుసలు ముగించి మూడో దాంట్లోకి వచ్చాడు. చాంద్యా బయ్యారం దగ్గరి తండావాడు. పది పాసై, పంతులు నౌకరి కోసమే ఇంత దూరం వచ్చి ఒక చుట్టం ఇంట్లో ఉంటున్నాడు.

"సుదర్శనన్నా, కండ్లు మూస్తె మీదనే పోస్కుంటవు," అన్నాడు. "కొసలు నీ దిక్కు కాదు, అవుతలి దిక్కు మడువు. ఊపిరి నోట్లెకెల్లి తీస్కో."

"నీకు రోత లేదా చాంద్యా?"

"రోత లేకేంది. నా రోత చూసి నౌకరిస్తరా?"

ఆ రాత్రి సుదర్శన్ కుంకుడుకాయల రసంతో చేతులు తోమి తోమి తోలు లేపుకున్నాడు. మరునాడంతా అన్నం ముట్టలేదు. దిష్టి తగిలిందని కౌసల్య దుకాణంలోని ఎండు మిరపకాయలు తెచ్చి తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గారు. ఏ మిరపకాయ నుంచి పారిపోవాలని చూస్తున్నాడో అదే కాలుతూ తన చుట్టూ తిరుగుతుంటే అతడు దగ్గుకుంటూనే ఒక నిశ్చయానికి వచ్చాడు. ఇంకొక్కసారి పోయి చూడాలని.

ఆ ఒక్కసారి చాలాసార్లు అయింది. దొరకు బంధుబలగం ఎక్కువ. పెండ్లిళ్ళు, పుట్టువెంట్రుకలు, ఇరవై ఒకటో దినాలు, కొత్త ట్రాక్టరుకు యాటను కోసిన రోజు. ప్రతి కార్యానికీ పోవడం, ఎత్తడం, ఈసారి దొర పిలుస్తాడని ఆగడం, దొర పోయి పడుకున్నాడని తెలిసి బస్సెక్కడం. రెండో ఏడు చాంద్యా ఆగలేదు. ఇల్లెందు బొగ్గు బాయిలో పని దొరికిందని చెప్పి పోయాడు. బొగ్గు కడిగితే పోతదే అన్నా, అని వాడు అన్న మాట సుదర్శన్‌కు చాలా రోజులు మింగుడు పడలేదు.

వాడు పోయాక ఆ పనిలో సుదర్శన్‌ను మించినవాడు లేకుండా పోయాడు. "ఊఁ" ఇంకా దొర గొంతులో ఉండగానే ఇతడి నడుము వంగేది. ఎడమ చేత్తో పట్టడం, కుడి చేత్తో అవతలికి మడవడం, గంపలో వేయడం, ఏం పడిందో చూడకుండా పక్క ఆకుకు పోవడం. నీ చెయ్యి కుదిరింది పిలగా అని కనకయ్య సారు మెచ్చుకున్నాడు. బడిలో అతడి దస్తూరిని కూడా ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. దొర కూడా గుర్తు పట్టాడు. పేరు కాదు, చురుకు. ఎవడా చురుకైన పొల్లగాడు అని అడిగి, సేటు కొడుకని విని నవ్వాడట. ఆ నవ్వుకు అర్థమేమిటో పంతుళ్ళు కొన్నాళ్ళు చర్చించుకున్నారు.

అంతలో సరస్వతి పెండ్లి కుదిరింది. మానుకోట సంబంధం, బియ్యం వ్యాపారం చేసే ఇల్లు. లగ్గం పెట్టుకున్న రోజే రాజేశం గద్దె మీద కొత్త బొంత పరిపించాడు. ఎవరి కోసమో చెప్పలేదు. సుదర్శన్ సరాసరి కనకయ్య సారు దగ్గరికి ఉరికాడు, సారు దొర దగ్గరికి పోయాడు, మంచి మాటతో వచ్చాడు. ఆర్డరు తయారైంది. దొర తానే సరస్వతి పెండ్లికి వచ్చి నలుగురిలో చేతికిస్తాడట. ఆ మాట విన్నాక రాజేశం బొంత తీసేయలేదు గాని, దొరను తలాపున కూర్చోబెట్టాలని అన్నాడు.

కోమట్ల పెండ్లిలో బంతి మర్యాద వేరు. తాళి కట్టడం ఒక ఎత్తు, మగపెండ్లివారిని తినిపించడం ఒక ఎత్తు. వాళ్ళు వద్దంటుంటే వేయాలి, చెయ్యి అడ్డం పెడితే బతిమాలాలి. చివరి మనిషి తనంతట తాను ఆకు మడిచేదాకా ఆడపిల్లవారు గొంతులో ప్రాణం పెట్టుకుని నిలబడాలి. ఆ చివరి మనిషి దత్తాత్రేయ, పెండ్లికొడుకు చిన్నాయన. పళ్ళు సగమే మిగిలినవి గాని తీరిక పూర్తిగా ఉన్నది. పప్పు, పులుసు ఆయనకు తొవ్వలో తగిలే ఊళ్ళు, అసలు మజిలీ పెరుగన్నం. మానుకోటలో ఆయన పెరుగన్నం కలిపాడంటే వడ్డించేవాళ్ళు కూర్చుంటారట.

సుదర్శన్ పట్టుపంచె కట్టుకుని, చేతిలో నెయ్యి గిన్నెతో బంతి మధ్య తిరుగుతున్నాడు. పెండ్లికూతురి అన్న, రేపటి పంతులు. ఇంకొక్క బూరె వేసుకొమ్మని ఒకరిని బతిమాలుతూ నిలబడ్డాడు. తలాపున దొర పప్పును వేలితో అటు జరిపి, వంకాయను ఇటు జరిపి, బొక్క లేని భోజనం మీద పెద్దగా నమ్మకం కుదరక, మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఊఁ."

తరువాత జరిగింది సుదర్శన్ చేసిన పని అనడం న్యాయం కాదు. అతడి నడుము చేసింది. నెయ్యి గిన్నె ఎక్కడ పెట్టాడో అతడికే తెలియదు. దొర ఆకు, పక్క ఆకు, దాని పక్క ఆకు, కొసలు అవతలి దిక్కు మడిచి, గంప లేకపోయేసరికి ఎడమ చేతి మీద ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ, ఊపిరి నోటితో తీసుకుంటూ, మగపెండ్లివారి బంతిని ఒక కొస నుంచి తుడిచిపెట్టుకుంటూ పోయాడు. మనుషులు బొమ్మల్లా చూస్తున్నారు. దత్తాత్రేయ కండ్లు మూసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకు చెయ్యి దించితే నేల తగిలింది.

పందిట్లో సన్నాయి కూడా ఆగింది. ఆ ముసలాయన నేలను ఒకసారి తడిమి చూసుకుని, రాజేశం వైపు తిరిగాడు.

"బావా, మావోనికి పిల్లనిచ్చినవు, సంతోషం. నాకు బుక్కెడు పెరుగన్నం బరువైందా?"

మానుకోటవారంతా ఒక్కసారిగా లేచి విడిదికి పోయారు. రాజేశం తలపాగ సర్దుకోకుండానే వెంట ఉరికాడు. సగం కట్టిన సారె దగ్గర సరస్వతి నిలబడిపోయింది. పెండ్లికూతురి అన్న ఎంగిలాకులు ఎత్తడం ఒక తప్పు, తింటున్న మనిషి ముందు నుంచి ఎత్తడం ఇంకో తప్పు. రెండూ కలిసి ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చేయలేదు.

నవ్వింది రాంచందర్ రావు ఒక్కడే. చెయ్యి కడుక్కుని వచ్చి నేల చూశాడు. నేల కనబడుతున్నది. పక్కనున్న కనకయ్య సారుతో, పొల్లగాడు పక్కాగ తయారైండు, ఇగ బడి నడుపుతడు అన్నాడు. జేబులోంచి ఆర్డరు తీశాడు. సుదర్శన్ రెండు చేతులూ ఖాళీ లేవు. దొరే దాన్ని మడిచి అతడి అంగీ జేబులో దోపి, భుజం తట్టి, జీపెక్కాడు.

సుదర్శన్ చేతుల మీది దొంతర వైపు చూశాడు. వేళ్ళ సందుల్లోంచి దత్తాత్రేయ పెరుగన్నం కారుతున్నది. ఎవరి ఎంగిలో ముంజేతి దాకా అంటుకున్నది. రోత పుడుతుందని ఆగాడు. కాసేపు ఆగాడు. అది రాలేదు. చిన్నప్పటి నుంచి తల్లి అరచేతిని కూడా క్షమించని రోత, ఎక్కడ ఏ పందిట్లో జారిపోయిందో, పిలిచినా పలకలేదు.

అప్పగింతలు పొద్దుగూకేదాకా ఆగినవి. మానుకోటవారిని బతిమాలి తీసుకొచ్చిన రాజేశం కొడుకు జేబులోంచి కాగితం కొస చూశాడు. తిట్టలేదు.

"నౌకరొచ్చినట్టుంది. చేతులు కడుక్కో పో," అన్నాడు.

మరునాడు గద్దె మీది కొత్త బొంతను తీసి మడిచి లోపల పెట్టాడు.

సుదర్శన్ తరిగొప్పుల దిక్కు ఒక బడిలో చేరాడు. సుద్దముక్క పట్టాడు, నిజంగానే ఆ పొడి తప్ప వేరే మరక లేదు. మరుసటి ఏడు దొర ఇంట్లో జరిగిన కార్యానికి ట్రైనింగ్ లేని పంతులు హోదాలో పోయి నీళ్ళ బకెట్టు అందుకున్నాడు. కొత్తగా వచ్చిన ఒక ఆశావహుడు మెడ తిప్పుకుని, కండ్లు మూసుకుని, పులుసు మీద పోసుకుంటున్నాడు. కొసలు అవుతలి దిక్కు మడువు అని సుదర్శన్ సారు పక్క నుంచి పోతూ చెప్పాడు. వాడు ఎంతో గౌరవంగా, సరే సార్ అన్నాడు. ఆయనను సార్ అని పిలిచిన మొట్టమొదటి పెద్దవాడు వాడే.

ఎనభైలలో సమితులు పోయి మండలాలు వచ్చినవి. రాంచందర్ రావు అరుగు మీద ఎండ, కోళ్ళు తప్ప ఎవరూ లేరు. సుదర్శన్ సారుకు ట్రైనింగ్ అయింది, పెండ్లయింది, ఇప్పుడు ఏ చెంబుతోనైనా నీళ్ళు తాగుతాడు. మానుకోటలో చెల్లెలి ఇంట ఏ శుభకార్యమైనా ముందు వరుసలోనే కూర్చోబెడతారు. ఎదురుగా దత్తాత్రేయ ఉంటాడు. సుదర్శన్ సారు తిని, లేవడానికి మోకాలి మీద చెయ్యి వేస్తే చాలు, ఆ ముసలాయన ఎడమ చెయ్యి వచ్చి తన విస్తరాకు మీద పడుతుంది. సారు పూర్తిగా పందిరి దాటి పోయేదాకా అది అక్కడి నుంచి లేవదు.