నలభై ఖాళీ లైన్ల కింద

లైబ్రరీలో అందరూ ఆమెను పేజీలక్క అంటారు. బయటివాళ్ళు వింటే పుస్తకాల పేజీలనుకుంటారు. ఒకప్పుడు అదీ నిజమే. ఇరవై రెండేళ్ళ వయసులో బైండింగ్ గదిలో చేరి, చినిగిన పుస్తకాలు కుడుతూ, అట్టలు అతికిస్తూ పన్నెండేళ్ళు జిగురు వాసనలోనే గడిపింది. ఆ పేరు మాత్రం తర్వాత వచ్చింది, లైబ్రరీ వెబ్ పేజీల వల్ల. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఏ రోజు సెలవో, కొత్తగా ఏమొచ్చాయో చెప్పే నాలుగు వందల పన్నెండు పేజీలు. ప్రతి అక్షరం ఆమె చేతి మీదుగా వెళ్ళిందే. ఇరవై మూడేళ్ళలో తన పేజీ ఒక్కటీ కూలలేదని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చెబుతుంది, వాళ్ళు అడిగినా అడగకపోయినా.

ఆ పేజీలకే ముప్పు వచ్చిపడింది. సోమవారం ఆమె బల్ల మీది పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. లోపలి సిస్టమ్ ఎప్పటిదే, ఓపెన్ సోర్స్‌ది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి అందరికీ పంచిపెట్టేది, ఎవరైనా విప్పి చూసుకోగలిగేది. కాకపోతే దాని కొత్త వెర్షన్. దాని మీద ఆమె ఇన్నేళ్ళుగా పేజీలు రాసుకుంటున్న ఎడిటర్ అనే ప్రోగ్రాం తెరుచుకోనని మొండికేసింది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో వదిలేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారట. ఈ సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

లైబ్రేరియన్ గారు మంచి మనిషే. శనివారం దాకా గడువిచ్చారు. ఈలోగా ఆమెకు నప్పే ఎడిటర్ దొరికితే సరేసరి, లేకపోతే పేజీలన్నీ బయటివాళ్ళకిచ్చి మొదటినుంచీ కొత్తగా చేయిస్తానన్నారు. ఈ ఏడాది చివర ఎలాగూ రిటైరవుతున్నారు, ఈ వయసులో మీకెందుకమ్మా శ్రమ అని కూడా అన్నారు. ఆ చివరి మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ అసలు దిగులు అది కాదు. మొదటినుంచీ కొత్తగా అంటే పాత పేజీలు పోతాయి. పాత పేజీలు పోతే వాటిలోని బాబాయి మాటలు పోతాయి.

బాబాయి అంటే స్క్రూల బాబాయి. అక్కడ ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. చొక్కా జేబు నిండా స్క్రూలు వేసుకుని తిరిగేవాడు కాబట్టి మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. ఏ మెషీన్‌లో విప్పిన స్క్రూ ఆ మెషీన్‌కే బిగించాలని ఆయన పట్టుదల. తీరా బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తేలక జేబంతా బల్ల మీద కుమ్మరించి తల పట్టుకునేవాడు.

బైండింగ్ గదిలో ఉన్న ఆమెను పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది ఆయనే. నాకెందుకొస్తుంది బాబాయ్ అని ఆమె వెనక్కి తగ్గితే, పుస్తకం కుట్టడం వచ్చినవాళ్ళకు ఇదీ వస్తుందన్నాడు. వెబ్ పేజీలో మాటలు గుర్తుల మధ్య ఉంటాయని, తెరిచిన ప్రతి గుర్తునూ మూయాలని, మూయకపోతే ముడి వేయని దారంలా ఎక్కడో ఒకచోట వదులై పేజీ మొత్తం ఊడిపోతుందని చెప్పాడు. ఆ గుర్తుకు ట్యాగు అని పేరు. ఆమెకు ఆ మాట నోరు తిరగడానికి వారం పట్టింది గాని, ముడి సంగతి అక్కడికక్కడే అర్థమైంది.

మొదటి ఎడిటర్‌ను ఎంచుకున్న రోజులు ఆమెకు ఇప్పటికీ నిన్నమొన్నటిలా ఉంటాయి. కిటికీ పక్కన ఒకే కుర్చీ, ఒకే స్టూలు. కుర్చీ ఆమెకు, స్టూలు ఆయనకు. మూడు ఎడిటర్లు, ఒక్కోదానికి ఒక్కో వారం. సంబంధం చూసినట్టు చూశారు. మూడింటికీ బాబాయి పెట్టిన పరీక్ష ఒకటే.

"ఒక పేజీ తెరువమ్మాయ్. ఒక్క మాట మార్చు. సేవ్ కొట్టి దాచేసి మళ్ళీ తెరిచి చూడు. నువ్వు మార్చిన మాట తప్ప ఇంకేదైనా మారిందనుకో, అది మనకొద్దు."

ఒకటి పేరాల మధ్య ఖాళీలు మింగేసింది. ఇంకొకటి అక్షరాలను గజిబిజి చేసింది. మూడోది దేన్నీ ముట్టుకోలేదు. చూడ్డానికి బూడిదరంగులో మొహం వేలాడేసుకుని ఉండేది. అదే ఖాయమైంది. ఆ సాయంత్రం ఇద్దరూ టీ తాగారు. ఆయన జేబు బల్ల మీద దులిపి, ఇవాళ ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు చూడు అని మురిసిపోయాడు. చూస్తే నాలుగు మిగిలాయి.

పేజీలో చదివేవాళ్ళకు కనిపించకుండా, రాసేవాళ్ళకు మాత్రమే కనిపించేలా మాటలు దాచే వీలుంది. ఆశ్చర్యార్థకం, రెండు గీతల గుర్తుతో మొదలయ్యే ఆ రాతను వాళ్ళు చీటీలు అనేవారు. తర్వాత వచ్చేవాళ్ళ కోసం బాబాయి ఎక్కడ పడితే అక్కడ చీటీలు రాసిపెట్టాడు. 'ఈ పట్టికను కదపొద్దు, నేను కదిపి రెండు రోజులు ఏడ్చాను.' 'ఇవాళ కరెంటు మూడుసార్లు పోయింది. అయినా పూర్తయింది.' ఆయనతో కలిసి దిగిన ఫొటో ఆమె దగ్గర లేదు. ఫొటో తీసే వేళకు ఆయన ఎప్పుడూ ఏదో ఒక మెషీన్ వెనకాల దూరి ఉండేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన గొంతులా మిగిలినవి ఆ చీటీలే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పదకొండేళ్ళ క్రితం ఒకరోజు టీ దగ్గర అందరి ముందూ నోరు జారింది. నా పేజీ ఇంతవరకూ కూలలేదు, నా పని ఎవరూ సరిచూడక్కర్లేదు అంది. బాబాయి నవ్వి, అవునవును అన్నాడు. ఆ వారంలోనే ఊరికి అవతలి వైపున్న బ్రాంచికి మార్పించుకున్నాడు. ఎందుకని అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూండగానే ఐదేళ్ళు గడిచి, ఆయనే పోయాడు.

ఇక ఇప్పటి పరీక్షలకు వద్దాం. సలహా కోసం ఆమె మేనకోడలికి ఫోన్ చేసింది. అన్న కూతురు, వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం. ఆ పిల్ల మూడు ఎడిటర్లు చెప్పి, దూరం నుంచే కొత్త మెషీన్‌లోకి ఎక్కించింది. వాటి అసలు పేర్లు నోటికి పట్టకపోతే పేజీలక్క తన పేర్లు తాను పెట్టుకుంది.

మొదటిది అందరూ వాడేదట. దాంతో మంగళ, బుధవారాలు ఆమె తల ప్రాణం తోకకు వచ్చింది. సగం మాట కొట్టగానే మిగతా సగం అదే పూర్తి చేస్తుంది. ట్యాగు తెరిచీ తెరవగానే అదే మూసేస్తుంది. దానికి అత్తగారని పేరు పెట్టింది. ఆవిడ బతికున్న రోజుల్లో ఇంతేనే, నేను నోరు తెరిస్తే వాక్యం ఆవిడే ముగించేది అని మేనకోడలితో అంది. ఆ పిల్ల పగలబడి నవ్వి, ఆ గుణాన్ని ఆపే మీట ఉంది అత్తా అంది. మీట నొక్కితే మారే అత్తగారిని పేజీలక్క ఎన్నడూ ఎరగదు. దాన్ని పక్కన పెట్టింది.

రెండోదానికి అద్దం అని పేరు పెట్టింది. రాస్తూ ఉండగానే పేజీ చివరికి ఎలా కనిపిస్తుందో అలాగే తెర మీద చూపిస్తుంది. గురువారం ఉదయం ఆమె దాని ముందు కొత్త చీర కట్టుకున్న మనిషిలా మురిసిపోయింది. మొదటి పేజీలో సెలవు తేదీ మార్చి దాచింది. ఆ ముచ్చటలోనే ఇంకో పది పన్నెండు పేజీలు తెరిచి చూసింది. చూసిన ప్రతిదాన్నీ చేతి అలవాటు కొద్దీ దాచుతూ పోయింది. మధ్యాహ్నం గాని బాబాయి పరీక్ష గుర్తుకు రాలేదు. మూడో ఎడిటర్‌లో మొదటి పేజీ తెరిచింది. ఆరు వందల లైన్లు ఉండాల్సిన చోట రెండు వందల పది ఉన్నాయి. అక్కర్లేనివని తనకు తోచినవన్నీ అద్దం ఊడ్చి పారేసింది. పట్టిక దగ్గర చీటీ లేదు. కరెంటు చీటీ లేదు.

నకలు తీయకుండా అసలుకే పరీక్ష పెట్టింది. ఇరవై మూడేళ్ళలో ఆ పని ఎన్నడూ చేయలేదు. అయితే ప్రతి నెలాఖరునా పేజీలన్నిటినీ ఇనప్పెట్టె అనే ఫోల్డర్‌లో ఒక జత దాచడం బాబాయి నేర్పిన అలవాటు, పోయిన నెలా తప్పలేదు. మొదటి పేజీని అందులోంచి వెనక్కి తెచ్చుకుంది. అన్నీ వెనక్కి తెస్తే ఈ నెలలో రాసినవన్నీ పోతాయి. మిగతావి ఏమేమి తెరిచిందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎన్ని చీటీలు పోయాయో ఎలా తెలియాలి?

శుక్రవారం పొద్దున్నే మేనకోడలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ పిల్ల నవ్వలేదు. మూడో ఎడిటర్‌లో ఒక వసతి ఉందని చెప్పింది. ఒక మాట ఇస్తే అన్ని పేజీల్లోనూ ఒకేసారి వెతికి, అది ఎక్కడెక్కడ ఉందో ఒకే జాబితాగా చూపిస్తుందట. పాత ఎడిటర్‌కు ఆ విద్య తెలియదు. అది ఒక పేజీ తెరిస్తే ఆ పేజీనే చూసేది. మూడోదాన్ని ఆమె అప్పటికి సరిగ్గా చూడనే లేదు. నల్లగా, బోడిగా ఉందని పలక అని పేరు పెట్టి వదిలేసింది.

ముందు పరీక్ష పెట్టింది, ఈసారి నకలుకు. ఒక్క మాట మార్చింది, దాచింది, తెరిచింది. పలక దేన్నీ ముట్టుకోలేదు. అప్పుడు ఇనప్పెట్టెను చూపించి, చీటీలు మొదలయ్యే గుర్తు కొట్టి వెతకమంది.

యాభై వస్తాయనుకుంది, మహా అయితే అరవై. జాబితా కిందికి జారుతూనే ఉంది. మూడు వందలు దాటాయి. పేజీ పేరు, లైను నంబరు, చీటీ. పై నుంచి చదువుతూ వెళ్ళింది. కొన్ని తెలిసినవే. కానీ కొన్ని లైన్ల నంబర్లు పొంతన లేకుండా ఉన్నాయి. తొంభై లైన్ల పేజీలో నూట ముప్పై ఒకటో లైను ఎక్కడి నుంచి వస్తుంది? మెషీన్ పొరపాటనుకుని ఆ పేజీ తెరిచింది. చివరి ట్యాగు దగ్గర పేజీ అయిపోయింది. ఆమె ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది, ఎవరైనా అక్కడే ఆగుతారు. ఇవాళ ఇంకా కిందికి వెళ్ళింది. నలభై ఖాళీ లైన్ల కింద బాబాయి ఉన్నాడు.

'అమ్మాయి మూడో పట్టిక మూయలేదు. మూశాను. తనకు చెప్పొద్దు.'

దాని కింద తేదీ. ఆమె పేజీలు రాయడం మొదలుపెట్టిన మొదటి నెల.

ఒకటి కాదు. పేజీ వెనక పేజీ. 'రెండు మూశాను. చెప్పొద్దు.' 'ఇవాళ నాలుగు. నిద్ర సరిపోయినట్టు లేదు.' 'వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. పదకొండు మూశాను. పాపం.' రోజూ అరగంట ముందే వచ్చేవాడు బాబాయి. మెషీన్లు తుడవడానికని అందరూ అనుకునేవారు. ఆమె సాయంత్రం రాసి వెళ్ళిన పేజీని పొద్దున పదింటికి లోకానికి చూపించే లోపల, విప్పి ఉన్న ముడులన్నీ వేసి, ఏమీ ఎరగనట్టు స్టూలు మీద కూర్చునేవాడన్నమాట. ఒక్కటీ కూలలేదని ఇరవై మూడేళ్ళు చెప్పుకున్న ఆమెకు, కూర్చున్న కుర్చీలోనే సిగ్గుతో తల వంగిపోయింది.

అయినా చదవడం ఆపలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అంకెలు తగ్గాయి. 'ఒకటి.' 'ఇవాళ ఏమీ లేదు. మళ్ళీ చూశాను. లేదు.' చిట్టచివరి చీటీ పాత నిబంధనల పేజీలో ఉంది, ఎవరూ తెరవని పేజీ.

'మూడు నెలలుగా మూయాల్సింది ఒక్కటీ దొరకలేదు. నిన్న టీ దగ్గర అందరి ముందూ చెప్పింది. నిజమే చెప్పింది. ఎంత సంతోషమేసిందో. ఇక అమ్మాయికి నాతో పని లేదు, ఇంటి దగ్గరి బ్రాంచికి అడుగుతాను.'

పేజీలక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చింది. పక్క బల్లావిడ కంగారుపడి ఏమైందని అడిగితే, ఏం లేదు, ఎడిటర్ కుదిరింది అని చెప్పింది.

ఆ సాయంత్రానికల్లా, ఇప్పటి పేజీల్లోనూ అదే గుర్తు వెతికించి, రెండు జాబితాలూ పోల్చి, అద్దం తుడిచేసిన పదకొండు పేజీలనూ ఇనప్పెట్టెలోంచి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేసింది. శనివారం లైబ్రేరియన్ గారు వచ్చి చూశారు. ఇంత బోడిది ఎందుకు, అందమైనవి, తప్పులు వాటంతటవే దిద్దేవి ఉన్నాయట కదా అని అడిగారు.

"ఇది నా రాతను ముట్టుకోదండి. నా తప్పునూ ముట్టుకోదు" అంది.

ఆయనకు సగమే అర్థమైంది. అయినా సరేనన్నారు. పేజీలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఆమె తర్వాత వచ్చేవాళ్ళకు కూడా అవే అందుతాయి. తన పేజీలు కూలలేదన్న మాట ఆమె ఆ రోజు ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు.

ఇంటికి బయలుదేరే ముందు ఒక పని చేసింది. పాత నిబంధనల పేజీ తెరిచి, ఒక ట్యాగును కావాలనే మూయకుండా వదిలేసి దాచింది.

సోమవారం అరగంట ముందే వచ్చింది. కిటికీ తెరిచి, మెషీన్ తుడిచి, ఆ పేజీ చూసింది. ట్యాగు తెరిచే ఉంది. తనే మూసింది. తర్వాత నలభై ఖాళీ లైన్లు దాటి, బాబాయి చీటీ కింద 'మూశాను బాబాయ్' అని రాసి తేదీ వేసింది.