జీడిగుర్తు

పోలీసు చర్య తర్వాత మెదక్‌లో పటాలం దిగిన రోజులు. పాపన్నపేట బస్సులో నా పక్కన ఒక చాకలామె కూర్చుంది. కాళ్ల దగ్గర సిపాయిల మాసిన బట్టల మూట, ఒళ్లో ఉతికి మడిచిన తెల్ల అంగీ.

"ఇదీ సిపాయిదేనా అవ్వా?" అన్నాను.

"కాదు బిడ్డా, మా ఊరి పిలగానిది. సిపాయిలు పట్కపోయిన్రు. క్యాంపు మూటల అంత రక్తంతోని వచ్చింది. సిపాయిదే అనుకొని ఆడనే ఉతికిన. ఆరేస్తుంటె కాలరు కింద ఆళ్లింటికి నేను పెట్టే జీడిగుర్తు కనబడ్డది."

"మల్ల క్యాంపుకు పోతవా?"

"పోకుంటే ఎట్ల? ఊర్ల సగం మంది ఉరికిన్రు. ఇప్పుడు కూడు పెట్టేది క్యాంపే."

ఆమె ఊరొచ్చింది. మూట ఆమె నెత్తికెత్తాను. అంగీని దానికి తగలకుండా పట్టుకుంది.

"ఆళ్లమ్మకు ఆ మరకన్న మిగల్చకపోతి" అంటూ దిగిపోయింది.

ఇల్లు చేరగానే నా అంగీ కాలరు తిప్పి చూసుకున్నాను.